పచ్చబొట్టు మీద పచ్చబొట్టు

పాత పచ్చబొట్టు నచ్చక దాని మీద కొత్తది పొడిపించుకోవడం అనగానే అందరికీ ముందు గుర్తొచ్చేది ప్రేమ వ్యవహారాలే. హాలీవుడ్ నటుడు జానీ డెప్ వినోనా రైడర్ ని ప్రేమించిన రోజుల్లో భుజం మీద "వినోనా ఫరెవర్" అని రాయించుకున్నాడు. విడిపోయాక ఆ పేరులో చివరి రెండక్షరాలు చెరిపించేసి "వైనో ఫరెవర్" చేసుకున్నాడు. వైనో అంటే తాగుబోతు. కనీసం నిజాయితీ ఉంది. మన హైదరాబాదు, బెంగుళూరు టాటూ షాపుల వాళ్లని అడిగినా ఇలాంటి కథలు బోలెడు చెప్తారు. పేరు మీద గులాబీ, గులాబీ మీద గద్ద, గద్ద మీద ఏం వెయ్యాలో తెలీక నల్లరంగు.

నాకు ఈ కవరప్ ల మీద ఆసక్తి పుట్టింది మాత్రం ప్రేమికుల వల్ల కాదు, యుద్ధఖైదీల వల్ల. తను కోరి రాయించుకున్నదాన్ని మార్చుకోవడం ఒక ఎత్తు. ఎవరో చేతులు కాళ్లు పట్టుకుని రాసినదాన్ని కప్పుకోవడం ఇంకో ఎత్తు. ఈ రెండో రకం వాళ్ల గురించి మన భాషలో ఎవరూ పెద్దగా రాసినట్టు లేదు. అందులో మన దేశానికీ ఒక పాత్ర ఉంది కాబట్టి చెప్పుకోవాల్సిన కథే.

ముందు కాస్త టెక్నికల్ వివరణ, ఎందుకంటే తర్వాత అవసరం పడుతుంది. మన చర్మం పైపొర నెలా నెలన్నరకోసారి మొత్తం మారిపోతుంది. సిరా అక్కడే ఉండిపోతే పచ్చబొట్టు పండక్కి పెట్టుకున్న గోరింటాకులా పోయేది. సూది దాన్ని కిందనున్న డెర్మిస్ అనే పొరలో దింపుతుంది. అక్కడ మాక్రోఫేజ్ అనే కణాలు ఉంటాయి. చెత్తని మింగెయ్యడం వాటి ఉద్యోగం, గార్బేజ్ కలెక్టర్ అన్నమాట. అవి సిరాని మింగుతాయి కానీ అరిగించుకోలేవు, అలా కడుపులో పెట్టుకుని కూచుంటాయి. మరి ఆ కణం చచ్చిపోతే? 2018లో ఫ్రాన్సులో మార్సే నగరం శాస్త్రవేత్తలు ఎలుకల మీద చూసి చెప్పిందేమిటంటే, పాత కణం చచ్చి సిరా వదిలెయ్యగానే కొత్తగా వచ్చిన కణం దాన్నే మళ్లీ మింగుతుంది. ఉద్యోగులు మారతారు, ఫైలు మాత్రం అదే టేబుల్ మీద ఉంటుంది. ప్రభుత్వాఫీసులో పని పడ్డవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది.

దీన్నిబట్టి కవరప్ అనేది గోడకి సున్నం కొట్టడం లాంటిది కాదని తెలుస్తుంది. కొత్త సిరా పాత సిరా పైన కూచోదు, అదే పొరలో దాని పక్కనే చేరుతుంది. రెండూ కలిసే కనపడతాయి. నల్ల గీత మీద పసుపు పెడితే నలుపే కనపడుతుంది. అందుకే కవరప్ వేసే పనివాడు పాత గీతలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసి, అవి కొత్త బొమ్మలో ముదురు భాగాల్లో పడేలా గీస్తాడు. ఈకలు, ఆకులు, పొలుసులు, పూరేకుల నీడలు. కొత్త బొమ్మ పాతదానికి రెండు మూడు రెట్లన్నా ఉంటేగానీ కన్ను మోసపోదు. ఏం బొమ్మ వెయ్యాలో కస్టమర్ కన్నా కిందనున్న పాత గీతలే ఎక్కువ నిర్ణయిస్తాయి. పాత సిస్టమ్ మీద కొత్త స్క్రీన్లు కట్టిన ప్రతివాడికీ ఈ బాధ తెలిసిందే.

లేజర్ ఉందిగా అనొచ్చు. సిరా రేణువుల్ని మాత్రమే బద్దలుకొట్టేలా కాంతిని అతి చిన్న తునకలుగా పంపొచ్చన్న సిద్ధాంతం వచ్చింది 1983లో. అది క్లినిక్కుల దాకా వచ్చేసరికి 1990 దగ్గరపడింది. అంతకుముందు మనిషికున్న దారులు నాలుగే: కోసెయ్యడం, కాల్చెయ్యడం, యాసిడ్ పొయ్యడం, కప్పెయ్యడం.

నేరస్థుల మీద ముద్రలు వెయ్యడం చాలా దేశాల్లో ఉండేది. జపాన్ లో 1720లో ఎనిమిదో షోగున్ తొకుగావా యోషిమునే కాలంలో ముక్కు చెవులు కొయ్యడం బదులు పచ్చబొట్టు శిక్ష పెట్టారు. అప్పటి లెక్కలో అది దయగల సంస్కరణే. ఎదో నగరంలో ముంజేతికి అడ్డంగా రెండు పట్టీలు. హిరోషిమా వైపు ఇంకా ఘోరం, నుదుటి మీద కుక్క అనే అర్థమొచ్చే అక్షరాన్ని తప్పుకి ఒక్కో గీత చొప్పున పూర్తి చేసేవారు. ఈ పట్టీల్ని కప్పుకోవడానికే జపాన్ వాళ్ల ఒళ్లంతా డ్రాగన్ల కళ పుట్టిందని చాలా చోట్ల కనిపిస్తుంది. నాకైతే ఇది సగం నిజమే అనిపిస్తుంది. కునియోషి అనే చిత్రకారుడు 1827 నుంచి సుయికొదెన్ వీరుల బొమ్మలు ఒళ్లంతా పచ్చబొట్లతో గీస్తే ఎదోలో అవి విరగబడి అమ్ముడయ్యాయి. వాటిని చూసి మంటలార్పేవాళ్లు, కూలీలు, పల్లకీ మోసేవాళ్లు వేయించుకున్నారు. వాళ్లెవరూ నేరస్థులు కాదు. అయితే అంత దట్టమైన బొమ్మల ఫ్యాషన్ వచ్చాక పట్టీ ఉన్నవాడికి దాక్కోవడానికి ఒక అడవి దొరికింది, అంతవరకూ ఒప్పుకోవచ్చు. 1872లో మెయిజీ ప్రభుత్వం అలంకారపు పచ్చబొట్లని కూడా నిషేధించింది, ఆ నిషేధం 1948 దాకా నడిచింది.

మనకీ ఉంది ఈ చరిత్ర. మన ఊళ్లలో పచ్చబొట్టంటే ఎరుకల ఆడవాళ్లు వచ్చి సూదితో పొడిచే అలంకారం. చేతి మీద పేరో, చుక్కలో, తేలో. ఈస్టిండియా కంపెనీ ఆ అలంకారాన్నే తీసుకుని శిక్షగా మార్చింది. బెంగాల్ లో 1797 నుంచి కొన్ని నేరాలకి, తర్వాత యావజ్జీవ ఖైదీలకి నుదుటి మీద నేరం వివరాలు స్థానిక భాషలో పొడిచేవాళ్లు. దానికి వాళ్లు వాడిన మాట కూడా ఇక్కడిదే, గోద్నా. మద్రాసు ప్రెసిడెన్సీలోనూ ఈ శిక్ష ఉండేది, అంటే మన సర్కారు జిల్లాలూ దాని కిందే. 1849లో రద్దు చేశారు. నుదుటి మీది రాతకి కవరప్ ఎలా వేస్తారు? తలపాగా కిందికి లాగి కట్టేవాళ్లు, జుట్టు పెంచి ముందుకి వేసుకునేవాళ్లు. తెల్లదొరల కాగితాల్లో దీని మీద ఫిర్యాదులు కూడా ఉన్నాయి. నుదుటిరాత అనే మాటని ఇంత మోటుగా అక్షరాలా అమలు చేసిన ప్రభుత్వం ఇంకోటి ఉండదేమో.

పై రెండిట్లోనూ రాసింది ప్రభుత్వం, రాయించుకున్నది నేరం రుజువైనవాడు. కొరియా కథ వేరు. అక్కడ ఖైదీల మీద రాసింది తోటి ఖైదీలు.

కొరియా యుద్ధం 1950 జూన్ 25న మొదలైంది. అక్టోబరులో చైనా సైన్యం దిగింది. వాళ్లలో చాలామంది అంతకు ఏడాది రెండేళ్ల ముందు దాకా చియాంగ్ కై షేక్ జాతీయ సైన్యంలో ఉండి, అంతర్యుద్ధంలో ఓడి, అవతలి పక్షం యూనిఫాం వేసుకున్నవాళ్లు. 1951 వసంతకాలపు దాడి విఫలమైనప్పుడు వేలమంది దొరికిపోయారు. మొత్తం మీద ఇరవై వేలకి పైన చైనా ఖైదీల్ని, ఇంకా ఎన్నో రెట్ల కొరియా ఖైదీల్ని కోజె అనే ద్వీపంలో కంచెల మధ్య పెట్టారు. కాపలా అమెరికన్లది. వాళ్లకి చైనీసు రాదు, చీకటి పడితే కంచె లోపలికి వెళ్లరు. లోపలి రాజ్యం ఖైదీల నాయకులది. తిండి పంచేది వాళ్లే, కొట్టేది వాళ్లే. కొన్ని కాంపౌండ్లు కమ్యూనిస్టుల చేతిలో, కొన్ని వాళ్ల వ్యతిరేకుల చేతిలో.

ఇంతలో సంధి చర్చల్లో ఒక ముడి పడింది. 1949 జెనీవా ఒప్పందం 118వ అధికరణం ప్రకారం యుద్ధం ముగియగానే ఖైదీలందర్నీ వెనక్కి పంపాలి. అమెరికా మాత్రం వెళ్తామన్నవాళ్లనే పంపుతాం అంది. ఒక్క ఖైదీల సమస్య మీదే చర్చలు ఏడాదికి పైగా ఆగిపోయాయి, ఆ ఏడాదంతా జనం చస్తూనే ఉన్నారు. దాంతో ప్రతి ఖైదీ నోటి నుంచి వచ్చే "వెళ్తాను", "వెళ్లను" అన్న మాటకి విపరీతమైన విలువ వచ్చేసింది. మాట అయితే మార్చుకోవచ్చు. మార్చుకోకుండా ఏం చెయ్యాలి?

అక్కడ వచ్చాయి పచ్చబొట్లు. కమ్యూనిస్టు వ్యతిరేకుల కాంపౌండ్లలో ఖైదీల చేతుల మీద, ఛాతీల మీద, వీపుల మీద నినాదాలు పొడిచారు. అన్నిటికన్నా ఎక్కువ కనపడేది నాలుగక్షరాలది: కమ్యూనిజాన్ని ఎదిరించు, రష్యాని అడ్డుకో. ఇంకొకటి కొంచెం చమత్కారం. చైనా సేనాపతి జు దె ని చంపు, మావోని పీకెయ్ అని దానర్థం. చైనీసులో జు అన్న శబ్దానికి పంది అని, మావో అన్న మాటకి వెంట్రుకలు అని కూడా అర్థాలున్నాయి కాబట్టి పందిని కోసి బొచ్చు పీకు అని కూడా వినపడుతుంది. కొందరికి జాతీయ పక్షపు సూర్యుడి గుర్తు, జెండా. మనస్ఫూర్తిగా పొడిపించుకున్నవాళ్లు ఉన్నారు. దెబ్బలు తప్పుతాయని చెయ్యి చాపినవాళ్లు ఉన్నారు. పట్టుకుని పొడిస్తే ఊరుకున్నవాళ్లు ఉన్నారు. చూసేవాడికి ముగ్గురి చేతులూ ఒక్కలాగే కనపడతాయి, అసలు కిటుకంతా అదే. ఒంటి మీద ఆ అక్షరాలతో మావో దేశానికి వెళ్తే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. మన భాషలో చెప్పాలంటే వెండర్ లాక్-ఇన్.

1952 ఏప్రిల్ లో ఎవరు వెళ్తారు ఎవరు ఉంటారు అని ఒక్కొక్కర్నీ అడిగే కార్యక్రమం పెట్టారు. దాని ముందురోజు రాత్రి ఆ కాంపౌండ్లలో జరిగింది చదివితే అన్నం సహించదు. వెళ్తామన్నవాళ్లతో, సరే వెళ్లు, మా రాత మాత్రం ఇక్కడ వదిలిపెట్టి వెళ్లు అన్నారు. కత్తులతో పచ్చబొట్టు ఉన్న చర్మం, కండతో సహా కోసేశారు. చచ్చిపోయినవాళ్లూ ఉన్నారు. మర్నాడు అడిగితే ఎక్కువమంది వెళ్లమనే అన్నారు. అందులో ఎంత అభిప్రాయం, ఎంత భయం అనేది ఏ లెక్కకీ అందదు. అందరూ భయపడే చెప్పారనడం కూడా అన్యాయమే, నిజంగానే తైవాన్ వెళ్లాలనుకున్నవాళ్లు వాళ్లలో వేలల్లో ఉండి ఉంటారు.

ఇక్కడ మనవాళ్లు వస్తారు. కృష్ణ మీనన్ ఐక్యరాజ్యసమితిలో నడిపిన రాజీ తీర్మానం 1952 డిసెంబరులో నెగ్గింది. చివరికి 1953 జులై 27న కాల్పులు ఆగినప్పుడు, వెనక్కి వెళ్లం అన్న ఖైదీల బాధ్యత తటస్థ దేశాల కమిషన్ కి అప్పజెప్పారు. స్వీడన్, స్విట్జర్లాండ్, పోలండ్, చెకోస్లవేకియా సభ్యులు, అధ్యక్షుడు మన జనరల్ తిమ్మయ్య. కాపలాకి మేజర్ జనరల్ థొరాట్ కింద సుమారు ఆరు వేలమంది భారత సైనికులు. దక్షిణ కొరియా అధ్యక్షుడు సింగ్మన్ రీ మనవాళ్ల కాలు తన నేల మీద పడకూడదన్నాడు. దాంతో ఓడల్లో వచ్చినవాళ్లని హెలికాప్టర్లలో ఎత్తి నిస్సైనిక మండలంలో దింపాల్సొచ్చింది. అక్కడ వాళ్లు వేసుకున్న గుడారాల ఊరి పేరు హింద్ నగర్.

దాదాపు 22,600 మంది ఖైదీలు, అందులో పద్నాలుగు వేల ఏడొందల మంది చైనావాళ్లు. పద్ధతి ఏమిటంటే, ఖైదీని ఒక గుడారంలోకి తీసుకొస్తారు. సొంత దేశం ప్రతినిధి ఎదురుగా కూచుని, ఇంటికి రా నాయనా, ఏమీ అనం అని నచ్చజెప్తాడు. కమిషన్ తరఫున భారత అధికారి మధ్యలో ఉంటాడు. బయటికి పోవడానికి రెండు ద్వారాలు. ఒకటి ఇంటికి, ఒకటి మళ్లీ శిబిరానికి. చాలామంది ప్రతినిధిని తిట్టి, ఉమ్మేసి, శిబిరం వైపే పరిగెత్తారు. మొత్తం మీద ఇంటికి వెళ్లిన చైనావాళ్లు కొన్ని వందల మందే. ఏమీ అనం అన్న మాటని చేతి మీద నాలుగక్షరాలున్నవాడు ఎలా నమ్ముతాడు చెప్పండి? తిమ్మయ్య స్థానంలో ఎవరున్నా చెయ్యగలిగింది తక్కువే. ఆయన దగ్గరకొచ్చేసరికే జవాబు చర్మం మీద రాసేసి ఉంది. నాకున్న అభిప్రాయం ఇది, తటస్థత విఫలమైందనే వాళ్లు ఈ సంగతి మర్చిపోతారు.

1954 జనవరిలో పద్నాలుగు వేలకి పైన చైనా ఖైదీలు తైవాన్ ఓడలెక్కారు. అక్కడ జనవరి 23ని స్వాతంత్ర్య దినం అని పండగ చేశారు, పచ్చబొట్లకి ఫోటోలు తీశారు, ఆ తర్వాత ఎక్కువమందిని సైన్యంలో చేర్చుకున్నారు. ఏ పక్కకీ వెళ్లం, ఏదైనా మూడో దేశం పంపండి అన్నవాళ్లు 88 మంది మన సైన్యంతోనే ఓడెక్కి ఫిబ్రవరిలో మద్రాసులో దిగారు. వాళ్లలో చైనావాళ్లు పన్నెండుమంది, మిగతావాళ్లు కొరియావాళ్లు. మద్రాసు మనదా కాదా అన్న గొడవ ఇంకా చల్లారని రోజులవి, ఆంధ్ర రాష్ట్రం పుట్టి ఐదు నెలలు కూడా కాలేదు. తర్వాత వీళ్లలో చాలామంది బ్రెజిల్, అర్జెంటీనా వెళ్లిపోయారు.

చైనాకి తిరిగెళ్లినవాళ్లు అంతా కలిపి సుమారు ఏడువేలు. ఒళ్లు కోయించుకుని మరీ వెళ్లినవాళ్లు వాళ్లలో ఉన్నారు. వాళ్లకి దక్కిన మర్యాద ఏమిటంటే, ప్రాణాలతో ఎందుకు లొంగిపోయారన్న విచారణ. పార్టీ సభ్యత్వాలు తీసేశారు, సాంస్కృతిక విప్లవంలో ద్రోహులన్నారు. 1980లో గానీ ప్రభుత్వం ఆ కేసులు తిరగదోడలేదు. చర్మం మీద అక్షరం ఉన్నా తప్పే, దాని చోట మచ్చ ఉన్నా అనుమానమే.

హా జిన్ అనే చైనా అమెరికన్ రచయిత 2004లో రాసిన వార్ ట్రాష్ నవల వీళ్ల గురించే. అందులో కథానాయకుడి పొట్ట మీద కమ్యూనిజాన్ని ఇంగ్లీషులో బండబూతు తిడుతూ ఒక పచ్చబొట్టు ఉంటుంది. తర్వాత కమ్యూనిజం అన్న మాటలో యు, ఎస్ అనే రెండక్షరాలు ఉంచి మిగతావి తీసేస్తారు. తిట్టు అమెరికా వైపు తిరిగింది! ఒక్క అక్షరం కలపకుండా, డిలీట్ లతోనే అర్థం తిరగేశారు. ఆ ముసలాయన తర్వాత మనవల్ని చూడ్డానికి అమెరికా వెళ్తూ, ఎయిర్ పోర్టులో చొక్కా విప్పమంటారేమోనని బిక్కుబిక్కుమంటాడు. నవలే అయినా, రాత మార్చుకున్నవాడికి కొత్త రాత తెచ్చే కొత్త ఇబ్బంది ఉంటుందని ఇంతకన్నా బాగా ఎవరూ చెప్పలేదు.

ఇక తైవాన్ వెళ్లినవాళ్లు. అక్కడ ముప్పై మూడేళ్ల పాటు ఆ అక్షరాల వల్ల ఇబ్బంది లేదు, పైగా గౌరవం. 1987 జులైలో సైనిక శాసనం ఎత్తేశారు. నవంబరు నుంచి అవతల చైనాలో బంధువులున్నవాళ్లు వెళ్లి చూసిరావచ్చన్నారు. అప్పటికి వీళ్లు అరవైకి అటూ ఇటూ ఉన్నవాళ్లు. అమ్మ ఉందో లేదో, పెళ్లాం వేరే పెళ్లి చేసుకుందో, కొడుకు గుర్తుపడతాడో లేదో తెలీదు. వెళ్లొచ్చు అన్న కబురు వినగానే చాలామందికి ముందు గుర్తొచ్చింది చొక్కా చేతుల కింద ఉన్న రాత. మావోని పీకెయ్ అన్న చేత్తో ఆ ఊరి పార్టీ కార్యదర్శికి నమస్కారం ఎలా పెట్టడం?

కొందరు ఆపరేషన్ చేయించుకుని తీయించేశారు. కొందరు అక్షరాల మీద వేరే బొమ్మలు పొడిపించుకుని కప్పుకున్నారు. ఇందాక చెప్పిన లెక్క ఇక్కడ వర్తిస్తుంది. చైనా అక్షరాలు దట్టమైనవి, గీతలు ఎక్కువ. నాలుగక్షరాల్ని ముంచాలంటే ముంజేయి మొత్తం నిండాలి. పైగా ఆ వయసు చర్మం వదులు, సిరా పాకుతుంది. బొమ్మలకి సరదాపడే వయసు ఎప్పుడో దాటిపోయిన మాజీ సైనికుడి చేతి మీద అంత పెద్ద బొమ్మ కొత్తగా వెలిస్తే, ఆ కాలం మనుషులకి దాని కింద ఏముందో అడగక్కర్లేదని నా ఊహ. అయినా చూసేవాళ్లు తెలియనట్టు ఉండటానికి ఆ బొమ్మ ఒక అవకాశం ఇస్తుంది. ముఖ్యంగా ఇంట్లోవాళ్లకి. అక్షరాలు కనపడితే ఎవరో ఒకరు మాట్లాడాల్సొస్తుంది, బొమ్మ అయితే పక్కకి చూసి అన్నం తిన్నావా అని అడగొచ్చు.

జానీ డెప్ లాంటివాళ్ల కవరప్ కీ దీనికీ తేడా నాకు ఇక్కడ కనిపిస్తుంది. ఆయన మార్చుకున్నది తన మనసు మారిందని. వీళ్లలో చాలామందికి మారడానికి ఆ రాత మొదట్నుంచీ తమ మనసులోది కాదు. కప్పించుకోవడం ఒక్కటే ఆ చర్మం విషయంలో వాళ్లంతట వాళ్లు తీసుకున్న నిర్ణయం. అది కూడా పాత గీతలు ఎంత చోటు ఇస్తే అంతలోనే.

అందరూ కప్పుకోలేదు. కొందరు నమ్మి రాయించుకున్నామని అలాగే ఉంచుకున్నారు, కొందరు ఇంటికి వెళ్లే ఆశే వదులుకున్నారు. వాళ్లు బాగా ముసలివాళ్లయ్యాక తీసిన ఫోటోలున్నాయి. ముడతలు పడ్డ చేతుల మీద నీలం అక్షరాలు సాగి, అంచులు అలుక్కుపోయి, చైనీసు వచ్చినవాళ్లకి కూడా కొన్నిచోట్ల పోల్చుకోవడం కష్టంగా ఉంటాయి.